లినక్స్‌లో ఫోటోషాప్ లేదు, మరి ఏముంది? ఉచిత ఇమేజ్ ఎడిటర్ల చిక్కుముడి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే భద్రత కోసం ఉండే టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. ఎనిమిదేళ్లో పదేళ్లో కిందట కొన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. కొత్తది కొనే స్తోమత లేకో, బాగా నడుస్తున్న మెషీన్‌ని పారేయడం ఇష్టం లేకో చాలామంది విండోస్ బదులు లినక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలు వేసుకుంటున్నారు. బ్రౌజింగ్, వీడియోలు, లెటర్లు, లెక్కలు రెండు రోజుల్లో అలవాటైపోతాయి. ఫోటోల దగ్గరకు వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే లినక్స్‌కి అడోబీ ఫోటోషాప్ లేదు.

దాని బదులు ఏం వాడాలని అడిగితే అందరూ ఒక్కటే పేరు చెబుతారు: గింప్. సరేనని తెరిస్తే ఫోటో జేపెగ్‌గా సేవ్ అవ్వదు, గుండ్రంగా ఒక గీత గీద్దామంటే అందుకు బటన్ కనబడదు, కెమెరా ఫైలు తెరుచుకోదు. వారం తిరక్కముందే "లినక్స్‌లో ఇవన్నీ కుదరవు" అనేస్తారు. నిజానికి ఈ ఇబ్బందుల్లో సగం గింప్ లోపాలు కావు. గింప్ చేయాల్సిన పని కానిదాన్ని దానిచేత చేయించబోవడం వల్ల వచ్చినవి.

## ఏ రకం బొమ్మ అన్నదాన్ని బట్టే ఏ ప్రోగ్రాం అన్నది

ఫోటోషాప్ 1990 నుంచీ పెరుగుతూ వచ్చింది. ఫోటో దిద్దడం, బొమ్మ గీయడం, అక్షరాలు అమర్చడం, కెమెరా ఫైళ్లు తెరవడం అన్నీ ఒక్క చోటే చేరాయి. లినక్స్ వైపు ఈ పనుల్ని వేర్వేరు బృందాలు వేర్వేరు ప్రోగ్రాంలుగా తయారుచేశాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది చేతిలో ఉన్నది ఎలాంటి బొమ్మ అన్నది.

ఫోన్‌తో తీసిన ఫోటో చిన్న చిన్న రంగు చదరాల పట్టిక. ఒక్కో చదరం ఒక పిక్సెల్. ఇలాంటి బొమ్మను రాస్టర్ అంటారు. దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేస్తే కొత్త వివరం ఎక్కడి నుంచీ రాదు, ఉన్నదే మసకబారుతుంది. లోగోలు, సంస్థల గుర్తులు అలా ఉండకూడదు. విజిటింగ్ కార్డు మీదా అదే, షాపు బోర్డు మీదా అదే పదునుగా కనిపించాలి. అందుకు వెక్టర్ బొమ్మ కావాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి గీత, ఎంత వంపు, లోపల ఏ రంగు అన్న లెక్క మాత్రమే అందులో ఉంటుంది. చుక్కల లెక్క తెలిసిన ముగ్గును ఎంత వాకిలి ఉంటే అంత పెద్దదిగా వేసినట్టే, ఆ లెక్కతో కంప్యూటర్ ఏ సైజులోనైనా తిరిగి గీస్తుంది.

ఫోటో దిద్దడానికి, అంటే రాస్టర్ పనికి గింప్. ఖాళీ తెర మీద కుంచెతో వేసినట్టు బొమ్మలు వేసేవాళ్లకు క్రిటా. పెన్ టాబ్లెట్ ఉన్నవాళ్లకు దానికి సాటి లేదు. లోగోలు, శుభలేఖ అంచులు, వెక్టర్ డ్రాయింగులకు 2003 నుంచి ఉన్న ఇంక్‌స్కేప్. కెమెరా రా ఫైళ్లకు, అంటే సెన్సర్ పట్టుకున్నదాన్ని వండకుండా దాచిన ఫైళ్లకు, డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ. పుస్తకం, పాంప్లెట్ లాంటి పేజీలు అమర్చడానికి స్క్రైబస్. మూడు వందల ఫోటోలను ఒకేసారి చిన్నవి చేయాలంటే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి ఒక్క లైనుతో నడిచే ఇమేజ్‌మ్యాజిక్. గింప్‌లో గుండ్రం గీసే బటన్ కోసం వెతికే మనిషికి అసలు కావాల్సింది చాలాసార్లు ఇంక్‌స్కేపే.

ఇవన్నీ పైసా ఖర్చు లేనివే కాదు, వీటి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు రాత కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది, మార్చుకుని పంచుకోవచ్చు. బ్రౌజర్‌లో నడిచే ఫోటోపియా వేరే రకం. అదీ డబ్బు అడగదు, ప్రకటనలతో నడుస్తుంది, చూడ్డానికి అచ్చం ఫోటోషాప్ లాగే ఉండి ఫోటోషాప్ సొంత ఫైళ్లైన పీఎస్‌డీలు బాగానే తెరుస్తుంది. కానీ దాని కోడ్ మూసి ఉంటుంది. రేపు దాన్ని ఆపేస్తే మన చేతిలో ఏమీ మిగలదు.

## గింప్ మూడో తరం: ఏడేళ్ల విరామం తర్వాత

గింప్‌ని 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. బటన్లు, మెనూలు గీయడానికి అప్పట్లో అందరూ వాడే మోటిఫ్ సొంతదారు లైసెన్సులో ఉండేది. దాంతో వాళ్లు తమ సొంత టూల్‌కిట్ రాసుకున్నారు. అదే జీటీకే. తర్వాత చాలా లినక్స్‌లలో తెర మీద కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం దాని మీదే నిలబడింది. ఒక ఫోటో ఎడిటర్ కోసం రాసుకున్న పనిముట్టు ఈరోజు కోట్ల తెరల మీద బటన్లు గీస్తోందంటే సామాన్యమైన విషయం కాదు.

2018 ఏప్రిల్‌లో వచ్చిన 2.10 తర్వాత తదుపరి పెద్ద విడుదల 3.0 రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. ఇందులో అందరికీ పనికొచ్చే మార్పు ఒకటుంది. ఇదివరకు ఫోటో మీద బ్లర్ (మసకబార్చడం) లాంటి ఫిల్టర్ వేస్తే పిక్సెళ్లు శాశ్వతంగా మారిపోయేవి. పది మార్పుల తర్వాత "ఆ బ్లర్ కాస్త ఎక్కువైందే" అనిపిస్తే ఆ పదీ వెనక్కి చేసుకుంటూ రావాల్సిందే. 3.0లో చాలా ఫిల్టర్లు లేయర్‌కి, అంటే బొమ్మలోని ఒక పొరకి, అంటిపెట్టుకుని విడిగా ఉంటాయి. లేయర్ పక్కన చిన్న ఎఫ్ఎక్స్ గుర్తు కనిపిస్తుంది, దాన్ని నొక్కి ఫిల్టర్‌ని మార్చొచ్చు, ఆపొచ్చు, తీసేయొచ్చు. ఫోటోషాప్ నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అడిగింది ఇదే.

## ఇన్‌స్టాల్ దగ్గరే మొదలయ్యే గందరగోళం

మీ కంప్యూటర్‌లోకి ఏ గింప్ వచ్చిందన్నది ఎక్కడి నుంచి తెచ్చుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉబుంటు 24.04, దాని మీద కట్టిన లినక్స్ మింట్ 22 తమ సొంత భండారంలో, అంటే ప్రోగ్రాంలు తెచ్చుకునే గిడ్డంగిలో, ఉంచుకున్నది పాత 2.10. ఇంకో లినక్స్ అయిన డెబియన్ 13లో 3.0 ఉంది. ఒక వెర్షన్ విడుదలయ్యాక భండారంలోని ప్రోగ్రాంలను పెద్దగా కదపకపోవడం ఈ పంపిణీల (ఉబుంటు, మింట్, డెబియన్ లాంటి లినక్స్ రకాల) పద్ధతి. కొత్తవాటికంటే నిలకడకే వాళ్లు విలువ ఇస్తారు. తాజా గింప్ కావాలంటే ఫ్లాట్‌హబ్ అనే ఆన్‌లైన్ భండారం నుంచి ఫ్లాట్‌పాక్ రూపంలో, అంటే ఏ లినక్స్‌లోనైనా నడిచే ప్యాకేజీగా, తెచ్చుకోవచ్చు. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఫ్లాట్‌పాక్ తనకు కావాల్సిన లైబ్రరీలన్నీ వెంట తెచ్చుకుంటుంది. మొదటిసారి డౌన్‌లోడ్ వందల ఎంబీల్లో ఉంటుంది, మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్లకు అది భారమే. మరోవైపు 2.10 కోసం రాసిన ప్లగిన్లు (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాంలు) 3.0లో నేరుగా పనిచేయవు. వీడియో పాఠంలో కనిపించే మెనూ మీ తెర మీద లేకపోతే ముందు చూడాల్సింది వెర్షన్ నంబరు. వీడియో 2.10ది, మీది 3.0, లేదా దానికి తిరగబడి ఉండొచ్చు.

## దరఖాస్తు ఫోటో: పిక్సెల్, కేబీ, డీపీఐ ఒకటి కాదు

మూడింటినీ కలిపేసుకోవడం వల్ల ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో ఏ మీసేవా కేంద్రం దగ్గర నిలబడినా తెలుస్తుంది. ఒక లెక్క చేసి చూద్దాం.

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దరఖాస్తులో ఫోటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటారు. మీ ఫోన్ తీసిన ఫోటో 3000 × 4000 పిక్సెళ్లనుకుందాం. అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 బైట్లు చొప్పున, కుదించకుండా ఉంచితే 3 కోట్ల 60 లక్షల బైట్లు. దీన్ని అలాగే ఉంచి 50 కేబీకి తేవాలంటే దాదాపు 700 రెట్లు కుదించాలి. జేపెగ్ క్వాలిటీని అడుగుకు దించినా మొహం గళ్లుగళ్లుగా మారుతుందే తప్ప అంత కుదరదు.

ముందే 200 × 230కి తగ్గించేస్తే ఉన్నవి 46,000 పిక్సెళ్లే. మూడు బైట్ల లెక్కన 1,38,000 బైట్లు, అంటే 135 కేబీ. 20 నుంచి 50 కేబీ అంటే మూడు నుంచి ఏడు రెట్ల కుదింపు చాలు. కంటికి తేడా తెలియదు. వాళ్లు పెట్టిన హద్దు నిజానికి ఉదారంగానే ఉంది, వరుస తప్పితేనే చిక్కు.

గింప్‌లో ఇది ఎలా జరుగుతుందంటే, క్రాప్ టూల్‌లో నిష్పత్తిని 200:230గా కట్టేసి మొహం, భుజాలు వచ్చేట్టు కత్తిరిస్తారు. ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌తో వెడల్పు 200 చేస్తే ఎత్తు దానంతట అదే 230 అవుతుంది. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్. పేరు చివర జేపీజీ అని పెడితే క్వాలిటీ స్లైడర్ వస్తుంది. అక్కడే ప్రివ్యూ చూపించమనే గడిలో టిక్ పెడితే, స్లైడర్ కదిలిస్తున్న కొద్దీ ఫైలు ఎన్ని కేబీ అవుతుందో అప్పటికప్పుడు చూపిస్తుంది. ఫైలు 20 కేబీ కన్నా తగ్గిపోతే క్వాలిటీ పెంచితే సరి.

డీపీఐ ఇందులో ఎక్కడా రాలేదు. అది కాగితం మీద ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పడాలో చెప్పే సంఖ్య. 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫోటోను 300 డీపీఐలో ప్రింటు తీయాలంటే 413 × 531 పిక్సెళ్లు కావాలి. 3.5ని, 4.5ని 2.54తో (ఒక అంగుళంలోని సెంటీమీటర్లు) భాగించి 300తో గుణిస్తే వచ్చేవి అవే. అప్‌లోడ్ చేసే ఫోటోలో డీపీఐ ఒక చీటీ లాంటి సమాచారమే, దాన్ని మార్చినంత మాత్రాన పిక్సెళ్లు మారవు.

ఇక "సేవ్ కొడితే జేపెగ్ రావడం లేదు" అన్న ఫిర్యాదు. 2012లో వచ్చిన 2.8 నుంచి గింప్‌లో సేవ్ అంటే తన సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా మాత్రమే దాస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్. అప్పట్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. చిన్న దిద్దుబాటుకు రెండు మెట్లెందుకన్నది వాడకందార్ల వాదన. జేపెగ్‌లో లేయర్లు నిలవవు, పొరపాటున అందులో సేవ్ చేసి మూసేస్తే గంటల పని పోతుందన్నది తయారీదార్ల వాదన. శుభలేఖ మొత్తం డిజైన్ చేశాక ముహూర్తం మారిందని కబురొస్తే ఏ ఫైలు ఉండాలో తలచుకుంటే, నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది.

## "ఎంత గీసినా ఏమీ పడటం లేదు"

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడ. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక పొర. కుంచె ఎప్పుడూ ఎంచుకున్న పొర మీదే పనిచేస్తుంది. ఆ పొర దాచి ఉన్నా, ఇంకో పొర కింద ఉన్నా గీసింది కనబడదు. సెలెక్షన్ అంటే పని జరగడానికి గీసిన హద్దు. ఎక్కడో ఒక మూల పొరపాటున చిన్న సెలెక్షన్ మిగిలిపోతే దాని బయట ఎంత గీసినా రంగు పడదు. సెలెక్ట్ మెనూలో నన్ (None, ఏదీ వద్దు) నొక్కితే ఆ హద్దు పోతుంది.

మూడోది ఆల్ఫా ఛానెల్. ఒక్కో పిక్సెల్ ఎంత పారదర్శకంగా ఉండాలో చెప్పేది ఇదే. జేపెగ్ ఫైలుకు పారదర్శకత ఉండదు కాబట్టి దాన్ని తెరిచినప్పుడు వచ్చే పొరకూ ఆల్ఫా ఉండదు. అందుకే ఫోటో వెనక గోడను రబ్బరుతో చెరిపితే ఖాళీ రాకుండా తెల్ల రంగు వస్తుంది. లేయర్ మెనూలో ఆల్ఫా ఛానెల్ జోడించి మళ్లీ చెరిపితే వెనక గళ్ల నేపథ్యం కనబడుతుంది, అంటే అక్కడ నిజంగా ఏమీ లేదని. దాన్ని పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేస్తేనే ఆ ఖాళీ నిలుస్తుంది.

## పెళ్లి ఫోటోలు, రా ఫైళ్లు

కెమెరా సెన్సర్ పట్టుకున్న సమాచారాన్ని వండకుండా దాచిందే రా ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384. మండపం దీపాల కింద పసుపెక్కిపోయిన పెళ్లికూతురి మొహాన్ని సరిదిద్దేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. జేపెగ్‌లో రంగు లాగితే చర్మం మీద మచ్చలు తేలతాయి, రాలో నెమ్మదిగా వస్తుంది.

గింప్ తనంతట తాను రా ఫైలు తెరవదు. సిస్టంలో డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ ఉంటే ఫైలును దానికి అప్పగించి, దిద్దిన ఫలితాన్ని తీసుకుంటుంది. డార్క్‌టేబుల్ అసలు ఫోటోను ముట్టుకోదు. చేసిన మార్పులన్నీ పక్కన ఒక ఎక్స్ఎంపీ ఫైలులో రాసి పెడుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఫోటోలు మాత్రమే కాపీ చేసి ఆ చిన్న ఫైళ్లను వదిలేస్తే, అవతలి కంప్యూటర్‌లో దిద్దుబాట్లేవీ కనబడవు.

## ఫోటోషాప్‌కు సాటా, కాదా

సాటి కాదనేవాళ్ల మాటలో బలముంది. వేరే బొమ్మను లోపల పొదిగే స్మార్ట్ ఆబ్జెక్టులతో కట్టిన పీఎస్‌డీ ఫైలు గింప్‌లో ఉన్నదున్నట్టు తెరుచుకోదు. ఏఐతో నేపథ్యం నింపే సదుపాయం గింప్‌లో సొంతంగా లేదు. అన్నిటికంటే ముఖ్యం, స్టూడియోలు, ఏజెన్సీలు ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఫోటోషాప్. ఆ దారిలో బతుకుతెరువు వెతుక్కునే కుర్రవాడికి "గింప్ నేర్చుకో, చాలు" అని చెప్పడం అన్యాయం. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ ద్వారా ఫోటోషాప్ పాత వెర్షన్లు కొన్ని నడుస్తాయి గానీ, అడోబీ మద్దతు లేని దాని మీద గిరాకీల పని ఒప్పుకోవడం ప్రమాదం.

చాలుననేవాళ్ల మాటలోనూ అంతే బలముంది. 2013 నుంచి ఫోటోషాప్ కొత్త వెర్షన్లు చందా కడితేనే వస్తాయి. మన దగ్గర చాలా డెస్క్‌టాప్‌లలో ఉన్నది దొంగ కాపీ, దానితోపాటు వైరస్ కూడా రావడం మామూలే. కత్తిరించడం, రంగు సరిచేయడం, మచ్చలు తీయడం, నేపథ్యం మార్చడం, పేర్లు రాయడం వరకే పనున్న స్కూల్ టీచరుకు, చిన్న వ్యాపారికి గింప్ తక్కువ కాదు. రెండు వర్గాలూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నాయని గమనిస్తే వాదనలో వేడి చాలావరకు తగ్గుతుంది.

## తెలుగు అక్షరాల సంగతి

ఒక విషయంలో మాత్రం లినక్స్ వైపు చాలాకాలంగా ముందుంది. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం లాంటి మాటల్లో ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే ప్రోగ్రాంకు ఆ లిపి నియమాలు తెలియాలి. గింప్, ఇంక్‌స్కేప్ రెండూ ఆ పనిని పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలకు అప్పగిస్తాయి. ఏ సెట్టింగూ మార్చకుండానే యూనికోడ్ తెలుగు శుభ్రంగా వస్తుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఇదే మాట పొల్లులుగా విడిపోయేది. తర్వాతి వెర్షన్లలోనూ దక్షిణాసియా భాషల అమరికను ఎంచుకుంటేనే కుదిరింది.

టైపింగ్‌కి లినక్స్‌లోని ఐబస్ అనే ప్రోగ్రాంలో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతి) రెండూ ఉన్నాయి. ఫాంట్లకూ కొదవ లేదు. మండలి, రామభద్ర, సూరవరం, పెద్దన, గిడుగు, గురజాడ లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పసుపు అక్షరాలకు ఎర్ర అంచు పెట్టే ఫ్లెక్సీ శైలి కోసం ఇదివరకు అక్షరాల ఆకారాన్ని సెలెక్ట్ చేసి, పెంచి, కింద పొరలో రంగు నింపాల్సి వచ్చేది. 3.0లో టెక్స్ట్ టూల్‌లోనే అంచు రంగు, మందం ఇవ్వొచ్చు. తర్వాత పేరులో అక్షరం దిద్దినా అంచు దానితోపాటే మారుతుంది.

చిక్కల్లా డీటీపీ సెంటర్ల దగ్గర. అక్కడ ఏళ్లుగా రాజ్యమేలుతున్నది అను ఫాంట్లు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేనిచోట ఆ మేటర్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. అవి డబ్బు పెట్టి కొనుక్కునే ఫాంట్లు, వాటి కీబోర్డు మేనేజర్ విండోస్‌ది. కాబట్టి పాత అను ఫైళ్ల మీదే రోజూ పనిచేయాల్సిన షాపుకు పూర్తిగా లినక్స్‌కు మారడం ఇప్పటికీ కష్టమే.

## ప్రింటింగ్ దగ్గర రంగు ఎందుకు మారుతుంది

తెర రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతితో పుడతాయి. ప్రెస్సులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు వాడతారు. దీన్నే సీఎంవైకే అంటారు. గింప్ లోపల పని జరిగేది తెర రంగుల్లోనే. 3.0 సీఎంవైకేలో ఎలా కనిపిస్తుందో ముందే చూపించగలదు, కొన్ని ఫార్మాట్లలో ఎక్స్‌పోర్ట్ చేయగలదు, కానీ మొదటి నుంచి చివరిదాకా సీఎంవైకేలో పనిచేయలేదు. క్రిటా చేయగలదు. స్క్రైబస్ ప్రెస్సుకు సరిపడే సీఎంవైకే పీడీఎఫ్ ఇస్తుంది.

ఇది ఎక్కడ దెబ్బతీస్తుందంటే, తెర మీది నలుపును ఇంకుల్లోకి మారిస్తే అది ఒక్క నల్ల ఇంకు కాదు, నాలుగింటి మిశ్రమం అవుతుంది. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ఒక్కో ఇంకుకు ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడ వస్తుంది. మన లిపిలో వట్రుసుడులు, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకే పాంప్లెట్ చేసేవాళ్లు ఫోటోను గింప్‌లో దిద్ది, మేటర్‌ని మాత్రం స్క్రైబస్‌లో ఒక్క నల్ల ఇంకుతో పెడతారు. ఫ్లెక్సీ పెద్దక్షరాలకు ఈ బాధ లేదు, సాధారణంగా జేపెగ్ ఇచ్చినా తీసుకుంటారు. అక్కడ వచ్చే ఇబ్బంది మెమరీది. 10 × 6 అడుగుల ఫ్లెక్సీని 72 డీపీఐలో చేస్తే 8640 × 5184 పిక్సెళ్లు. పారదర్శకతతో కలిపి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక్కో పొరకు 179 ఎంబీ. పది పొరలు పేర్చితే 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఊపిరాడక ఆగిపోవచ్చు.

ప్రెస్సుకు ఫైలు పంపేటప్పుడు అవతల మీ ఫాంటు ఉండకపోవచ్చు కాబట్టి ఇంక్‌స్కేప్‌లో అక్షరాల్ని పాత్‌లుగా, అంటే ఉత్త ఆకారాలుగా మార్చి పీడీఎఫ్ చేస్తారు. అలా మార్చాక అచ్చుతప్పు కనబడినా దాన్ని టైపు చేసి దిద్దడం కుదరదు. అందుకని మార్చే ముందే అసలు ఫైలును వేరే పేరుతో దాచిపెట్టుకుంటారు.